ఆరు వేల జడలు

ఏర్పేడులో ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది, మలయాళ స్వామి స్థాపించిన వ్యాసాశ్రమం ఉంది. మండలంలోనే గుడిమల్లం లింగం ఉంది. లేనిదల్లా గిన్నిస్ రికార్డు. ఆ కొరత తీర్చడానికి ఎవరో ఒకరు నడుం కట్టేలోగా ఈ నాలుగు ముక్కలు రాసేస్తున్నాను.

పద్ధతి తేలికే. ఒక స్టేడియం, నేల మీద గీసిన గళ్లు, వాటిలో వేల మంది పిల్లలు, వాళ్లను లెక్కపెట్టే మనుషులు. 2010 డిసెంబరులో హైదరాబాదు గచ్చిబౌలి స్టేడియంలో సిలికానాంధ్ర వాళ్లు 2,850 మంది చేత కూచిపూడి ఆడించి గిన్నిస్ పుస్తకానికెక్కారు. 2016లో విజయవాడలో ఆరు వేలు దాటించారు. అంటే ఆరేళ్లలో కళ రెండింతలు దాటి పెరిగిందన్నమాట! సిద్ధేంద్ర యోగి పాపం ఒక్క సత్యభామతోనే సరిపెట్టుకున్న మనిషి.

ఆ భామ జడ విసిరితే అందులో గర్వం కనపడాలి. కృష్ణుడి ఊసెత్తితే కంటికొస ఎర్రబడాలి. గ్యాలరీలో కూర్చున్నవాడికి జడలు కనిపిస్తాయి, అదీ వరుసలుగా. మొహాలు కనిపించవు. మూడో వరుసలో ఉన్నది తన కూతురే అనుకుని ఒక తల్లి ఇంకెవరి పిల్లనో వీడియో తీసుకుంటూ ఉంటుంది.

తాళం సంగతి ఏర్పేడు ఐఐటీ పిల్లల్ని అడగండి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వేదిక మీద మృదంగం మోగితే వంద మీటర్ల అవతల నిలబడ్డ పిల్లకు సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యంగా వినిపిస్తుంది. ద్రుతకాలంలో అది ఒక అడుగు తప్పడానికి చాలు. మైదానమంతా స్పీకర్లు పెట్టి సర్దుతారనుకోండి. శిష్యురాలి కాలు చూసి తాళం వేసే గురువు పని సౌండు ఇంజనీరుకు దక్కింది.

ఇంతకీ ఈ మార్కులు వేసే పుస్తకం ఎలా పుట్టింది? 1951లో ఐర్లండులో వేటకు పోయిన గిన్నిస్ బీరు కంపెనీ అధిపతి హ్యూ బీవర్, ఏ వేటపిట్ట అన్నిటికన్నా వేగంగా ఎగురుతుందని తగువు పడ్డాడు. తాగేచోట జరిగే ఇలాంటి వాదాలు తీర్చడానికి 1955లో పుస్తకం వేయించాడు. నాట్యశాస్త్రం చదువుకున్నవాళ్లు ఇప్పుడు దాని సర్టిఫికెట్టుకు పటం కట్టించి నటరాజు పక్కన తగిలిస్తున్నారు.

నవ్వి ఊరుకుందామంటే కొచ్చి గుర్తొస్తుంది. 2024 డిసెంబరు 29న అక్కడి స్టేడియంలో దాదాపు పన్నెండు వేల మంది భరతనాట్యం ఆడే రోజున, తాత్కాలిక వేదిక మీంచి పడి ఎమ్మెల్యే ఉమా థామస్‌కు తీవ్ర గాయాలయ్యాయి. ఆట ఆగలేదు, రికార్డు వచ్చింది.

మా చిత్తూరు సీమలోనూ ఆరుబయట ఆడే పెద్ద ఆట ఉంది. ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర, ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం ఆడిస్తారు. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. హార్మోనియం, మద్దెల, తాళాలు. అర్జునుడు పాడుకుంటూ తపస్సు మాను ఎక్కుతాడు. కింద పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో సాగిలపడి ఉంటారు, ఆయన పైనుంచి విసిరే నిమ్మకాయ కోసం. చివరి రోజుల్లో మట్టితో చేసిన దుర్యోధనుడు నేల మీద ఇంతెత్తున పడుకుని ఉంటాడు, భీముడు తొడ విరగ్గొట్టేదాకా ఊరు ఊరంతా కదలదు. ఆపైన అగ్నిగుండం.

దీనికీ రికార్డు అడిగామే అనుకుందాం. కోటు తొడుక్కున్న అధికారి వచ్చాడు.

అర్జునులు ఎంతమంది? ఒక్కడే సార్. ఎన్ని నిమిషాలు? మాను ఎక్కి దిగేదాకా. అందరూ ఒకే అడుగు వేశారా? లేదు సార్, భీముడు ఒకటి వేస్తే దుర్యోధనుడు ఇంకోటి వేశాడు, వాళ్ల తగువే అది. చూసేవాళ్లను లెక్కపెట్టారా? మధ్యలో టీ తాగడానికి పోతుంటారు, ఎట్లా లెక్కపెట్టేది?

దరఖాస్తు చెల్లదని అక్కడికక్కడే రాసిచ్చేస్తాడు. తెల్లారుజామున ఆయనక్కూడా నిమ్మకాయ మీద మనసైతే మాత్రం వెనక నిలబడాల్సిందే. మాను కింద ముందు వంతు ఆడవాళ్లది.