వాక్యపంచక విజయం

అయిదు ఐచ్ఛికాల చేతులతో విరాజిల్లుతూ, నాలుగింట మాయను, ఒక్కదాన మోక్షాన్ని ధరించిన ఓ ప్రశ్నాదేవతా, శరణు! 45 నిమిషాల్లో 23 ప్రశ్నలు గుప్పించే జీమ్యాట్ ప్రవేశపరీక్ష వెర్బల్ రణరంగంలో, తలకు రెండు నిమిషాలైనా దక్కని ఈ దీన అభ్యర్థిని కటాక్షించు తల్లీ!

అదిగో, తెర మీద వాక్యసేన మోహరించింది: ‘దోమల బాధ పోవాలంటే వీధి వీధికీ ఫాగింగ్ చేయాలని కొందరంటారు. కానీ పొగకు చచ్చేవి ఎగిరే దోమలే, నీళ్ళలోని లార్వా కాదు. కాబట్టి ఫాగింగ్ తెచ్చే ఊరట మూణ్ణాళ్ళ ముచ్చటే. నిలవనీరు పారబోస్తే దోమకు పుట్టే చోటే ఉండదు. మున్సిపాలిటీ ముందు ఆ పనే చేయాలి.’ వీరిలో మూడోవాడు బొద్దు అక్షరాల కవచం తొడిగి నల్లగా నిగనిగలాడుతున్నాడు. వాడి పాత్ర ఏమిటి? ఇదే దేవి అడిగిన ప్రశ్న.

ముందుగా పూర్వపక్ష మహారాజు వేంచేశాడు. ఫాగింగ్ యంత్రం భేరీలా మోగుతుండగా, తెల్లని ధూమపటలం వింజామరలు వీస్తుండగా, ‘కొందరంటారు’ అన్న ధ్వజమెత్తి వచ్చాడు. పాపం, ఆ ధ్వజం పట్టినవాడు మరుసటి వాక్యం దాకా బతకడం అరుదు! ‘కానీ’ అనే రెండక్షరాల కత్తి తళుక్కుమంది. రాజుగారు తన పొగలోనే కలిసిపోయారు.

అంతట మూడోవాడు ముందుకొచ్చాడు. వాడి నెత్తిన ‘కాబట్టి’ కిరీటం ధగధగలాడుతోంది. అభ్యర్థి కళ్ళు చెదిరాయి. ‘వీడే సార్వభౌముడు, వీడే ముఖ్య నిర్ధారణ’ అంటూ మౌసును మొదటి ఐచ్ఛికం మీదికి దూకించబోయాడు. ఆగు నాయనా! కిరీటాలు అద్దెకు దొరుకుతాయి. అంబులపొదిలో రెండు దివ్యాస్త్రాలున్నాయి, సంధించు!

మొదటి అస్త్రం ‘ఎందుకని?’ అది తగలగానే వీరుడు వెనక్కి తిరిగి, ‘లార్వా చావదు గనక’ అని రెండో వాక్యాన్ని చూపించాడు. అంటే వీడు ఒకరి ఆసరాతో నిలబడ్డవాడే. రెండో అస్త్రం ‘అయితే ఏంటట?’ ఈసారి ముందుకు చెయ్యి చాచి, అయిదో వాక్యాన్ని చూపించాడు. ఆ అయిదోవాడు కిరీటమూ లేకుండా, ఛత్రమూ లేకుండా చివరి వరుసలో నింపాదిగా కూర్చున్నాడు. అందరూ వాడి కోసమే పోరాడుతున్నారు, వాడు ఎవరికోసమూ పోరాడడు. అసలు రాజు వాడే. మూడోవాడు మధ్యంతర నిర్ధారణ. మూడు తరాల ఇంట్లో నడిమి ఇల్లాలు ఒకరికి కోడలు, మరొకరికి అత్త అయినట్టు, వీడు ఒక వాక్యానికి ఫలితం, మరో వాక్యానికి ఆధారం.

ఇక్కడే కొందరు యోధులు దారి తప్పి, ‘నిజంగా లార్వా చావదా? మా వీధిలో చచ్చిందే!’ అని అంతర్మథనంలో పడి, గడియారానికి బలైపోతారు. దేవి అడిగింది మాట నిజమా అని కాదు, ఆ మాట అక్కడ ఏ ఉద్యోగం చేస్తోందని.

ఈ రహస్యం మనవాళ్ళకు కొత్తదేం కాదు. న్యాయదర్శనంలో అనుమాన (అంటే తర్కించి తేల్చే) వాక్యానికి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని అయిదు అవయవాలు. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంతో పాఠం మొదలెట్టిన ప్రతి విద్యార్థికీ కొండ మీది పొగా, నిప్పూ పరిచయమే. ‘కొండ మీద నిప్పుంది’ అని మొదట అంటే ప్రతిజ్ఞ, అంటే ఇంకా రుజువు కావలసిన మాట. పొగను చూపి, వంటింటిని ఉదాహరించి, చివర్న అదే మాటంటే నిగమనం. సరుకు మారలేదు, కొలువు మారింది.

ఫలశ్రుతి: ఈ విజయగాథ విన్నవారికి జీమ్యాట్‌లో మార్కులు పెరుగుతాయో లేదో గాని, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో మాత్రం మేలు జరుగును. లిఫ్టు పాతబడిందనీ, కాబట్టి రిపేర్లు ఎక్కువయ్యాయనీ ప్రెసిడెంటుగారు సెలవిచ్చినప్పుడు తలూపి ఊరుకోక, ‘అయితే ఏంటటండీ?’ అని అడిగినవారికి, మెయింటెనెన్స్ ఎంత పెంచబోతున్నారో అందరికన్నా ముందే తెలియును.