కోతలకు కత్తెందుకు?

ఇంగ్లీషులో ‘కట్’ అనే క్రియ మన ‘కత్తి’ నుంచే పుట్టిందంట. వాట్సాప్‌లో ఊరేగుతున్న ఈ శుభవార్త రాజంపేట దాకా వచ్చింది. రుజువేమిటయ్యా అంటే, రెండూ ఒకే మాదిరి వినబడతాయి కదా అంటారు. చెవి ఒక్కటుంటే చాలు, శాస్త్రం అక్కర్లేదు. ఆ చెవినే కాస్త ఉత్తరానికి తిప్పితే ఐస్లాండువాళ్లు చిన్న కత్తిని ‘కుటి’ అనడం వినబడుతుంది. ‘కట్’ ఆ స్కాండినేవియా వైపు నుంచే వచ్చి ఉండొచ్చనీ, ఖాయంగా చెప్పలేమనీ ఇంగ్లీషు నిఘంటువులు నిజాయితీగా ఒప్పుకుంటాయి. మనవాళ్లకు ఆ అనుమానం కూడా లేదు. 1300 ప్రాంతం దాకా ఇంగ్లీషు రాతల్లో ఈ మాట దాదాపు కనబడదు. అంతకుముందు అక్కడి కోతలకు నేటి ‘కార్వ్’ పూర్వరూపం ఉండేది. అంటే 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరడానికి రెండు వందల ఏళ్ల ముందే మన కత్తి ఓడెక్కకుండా ఇంగ్లండు చేరిందన్నమాట. చేరాక ఇంకో విచిత్రం: పేరు పట్టుకుపోయినవాళ్లు దాన్ని కోతకు వాడుకుని, కత్తిని మాత్రం ‘నైఫ్’ అనే పిలుస్తున్నారు!

మరి పందికొక్కు ‘బాండికూట్’ కాలేదా అంటారు. అయింది. 18వ శతాబ్దం చివర దొరలు ఇక్కడే ఉండి, ఆ జంతువును కళ్లారా చూసి, పేరు పట్టుకుపోయారు. దానికి కాలం ఉంది, దారి ఉంది, మోసినవాడున్నాడు. క్రియలూ అరువు పోతాయి, కాకపోతే రెండు భాషలవాళ్లూ కలిసి బతికినచోట. స్కాండినేవియా వైకింగులు ఇంగ్లండులో కాపురం పెట్టారు. ఇంగ్లీషువాళ్లు మన నెత్తిన కూర్చున్నారు. అందుకే ఇవాళ మనం ‘కరెంటు కట్ చేసినారు’ అంటాం, ఆ మాటకు మన ‘చేయు’ తగిలించి. ఒకప్పుడు కడపలో కొలువు చేసిన బ్రౌను, తెలుగులో చేరిన ఇట్లాంటి పరాయి మాటలకు 1854లోనే ఒక నిఘంటువు అచ్చు వేశాడు.

సరదా గర్వమే కదా, నష్టమేమిటంటారా? తెలుగు సంస్కృతం బిడ్డ కాదని 1816లో ఎల్లిస్ అనే ఇంగ్లీషు దొర నిరూపించింది చెవితో కాదు. తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను వరుసగా పక్కపక్కన పేర్చి. తెలుగుకు సొంత కుటుంబం చూపిన పద్ధతిని ఒక్క ‘కత్తి’ కోసం చెత్తబుట్టలో వేస్తే రేపు ఎల్లిస్ మాటా చెల్లదు. పోనీ, గొప్ప చెప్పుకోవడానికి కరువా? కడప జిల్లాలోనే ఆరో శతాబ్దపు కలమళ్ల, ఎర్రగుడిపాడు తెలుగు శాసనాలున్నాయి. రాజంపేట పక్కనే తాళ్లపాక; అన్నమయ్య పాటలను కొడుకు రాగిరేకుల మీద చెక్కించాడు. చెక్కు, కోయు, నరుకు, తరుగు, చీల్చు, తెంచు: దేని పని దానికి వేరే మాట ఉన్న భాష ఇది. వీటిలో ఒక్కటైనా ఇంగ్లండుకు ఎందుకు పోలేదో ఆ వాట్సాప్ పండితులే చెప్పాలి.