అరువు జ్ఞాపకాల గడియారం

గన్నవరంలో టైము తెలియక ఇబ్బంది పడిన మనిషి ఈ మధ్య కాలంలో లేడు. జేబులో ఫోనుంది. గోడ మీద ఎరువుల కొట్టువాళ్లు ఇచ్చిన గడియారముంది. అవేవీ చూడకుండా, నెత్తి మీదుగా దిగే విమానాన్ని బట్టి టైము చెప్పేసి, విమానం లేటైన రోజున ధీమాగా తప్పు చెప్పే పెద్దమనుషులూ ఉన్నారు. ఇన్ని ఉన్నా చాలక మన కుర్రాళ్లు కొందరు కొత్తగా గడియారాలు కట్టడం మొదలుపెట్టారు. హైదరాబాదు, బెంగుళూరుల్లో ముదిరి, వర్క్ ఫ్రమ్ హోమ్‌తో పాటు ఇంటికి దిగబడిన వ్యవహారం ఇది.

దాని పేరు నిక్సీ గడియారం. వేలెడంత గాజు బుడ్డి. అందులో 0 నుంచి 9 దాకా పది లోహపు అంకెలు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి, గాలి తీసేసి, కాస్త నియాన్ వాయువు నింపుతారు. ఏ అంకెకు కరెంటిస్తే ఆ అంకె చుట్టూ వాయువు నారింజ రంగులో వెలుగుతుంది. అలాంటి బుడ్లు నాలుగో ఆరో వరసగా టేకు పెట్టెలో పొదిగితే గడియారం తయారు. ఇక వచ్చినవాళ్లందరి చేతా దణ్ణం పెట్టించడం ఒక్కటే మిగులుతుంది.

"ఎందుకురా ఇది?" అని ఏ బాబాయో అడిగితే జవాబు సిద్ధం. "ఇందులో ఆత్మ ఉంది బాబాయ్. ఎల్‌ఈడీలో ఏముంది, చచ్చిన వెలుతురు. ఇది చూడు, ఎంత వెచ్చగా ఉందో!"

వెచ్చదనం సంగతి ముందు తేల్చుకుందాం. నిక్సీ ట్యూబులో వేడెక్కే ఫిలమెంటంటూ ఏదీ లేదు. రేడియో వాల్వు వేడెక్కితే గాని పలకదు, దీనికి ఆ అవసరమే లేదు. ఇందులో వెలిగేది నియాన్. ఆ నియాన్ వెలుగే కావాలంటే ఏ ఎలక్ట్రీషియన్ చొక్కా జేబులోనైనా ఉంటుంది. టెస్టరు తీసి ఫేజులో పెట్టి, వెనక మీట మీద వేలు ఆనించండి. పిడిలో నారింజ చుక్క ఒకటి మినుక్కుమంటుంది. అచ్చంగా అదే వాయువు, అదే వెలుగు. పాత స్విచ్ బోర్డులో కరెంటుందని చెప్పే ఎర్ర ఇండికేటరులోనూ అదే. ఆ ఆత్మని మనం ఇన్నాళ్లూ టెస్టరనే అన్నాం. ఎవరూ దాని ముందు కూర్చుని కళ్లు తడుపుకోలేదు.

రెండో గొప్ప, ఇది డిజిటల్ దాస్యం నుంచి విముక్తి అట. పెట్టె అడుగున నాలుగు స్క్రూలు విప్పి చూడండి. వైఫై ఉన్న చిప్పు ఒకటి కనిపిస్తుంది. అది ఇంటర్నెట్టులో ఎక్కడో ఉన్న సర్వరును అడిగి టైము తెచ్చుకుంటుంది. సరిగ్గా మీ ఫోను చేసే పనే. తేడా ఏమిటంటే ఫోను ఆ టైమును ఊరికే చూపిస్తుంది. ఇక్కడ అదే టైమును చూపించడానికి 12 వోల్టులను 170 వోల్టులకు పెంచే సర్క్యూటు ఒకటి కావాలి, ఆ 170ని అంకెలకు పంచడానికి ఇంకో చిప్పు కావాలి, ముట్టుకోవద్దని ఇంట్లో పిల్లలకు ఒక హెచ్చరిక కావాలి. వేసవిలో ఈదురుగాలి లేచి కరెంటు పోయిందా, విముక్తి వెంటనే ఆరిపోతుంది. గోడ మీది ఎరువుల గడియారం మాత్రం తన ఒక్క పెన్సిల్ బ్యాటరీతో నడుస్తూనే ఉంటుంది, పాపం దానికి ఆత్మ లేదు కదా.

మూడోది, స్వహస్తాలతో కట్టానని. ట్యూబులు సోవియట్ యూనియన్‌వి. బోర్డు చైనాది. ప్రోగ్రాము ఎవరో మహానుభావుడు ఉచితంగా పెట్టినది. పెట్టె వడ్రంగి చేసినది. మనవాడి హస్తం పడింది టంకం దగ్గర. అందులోనూ చిప్పు కాళ్లు రెండు కలిసిపోతే విడదీసింది టీవీ రిపేరు షాపాయన. ఆయన పేరు పెట్టె మీద ఉండదు. మనవాడి పేరు మాత్రం ఇత్తడి రేకు మీద చెక్కి ఉంటుంది.

సోవియట్ అంటే గుర్తొచ్చింది. ఆ దేశం నుంచి సరుకు రావడం బెజవాడకు కొత్తేమీ కాదు. విశాలాంధ్ర పుస్తకాల షాపులో కారు చౌకగా దొరికిన రష్యన్ నవలలు చదివి ఒక తరం పెరిగింది. చదవనివాళ్లు కూడా సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితంతో బడి పుస్తకాలకు అట్టలు వేసుకున్నారు. ఆ రోజుల్లో అక్కడి నుంచి చవగ్గా వచ్చింది చదువు. ఇప్పుడు వేలు పోసి తెప్పించుకుంటున్నది గోడౌన్లలో మిగిలిపోయిన మీటరు సామాను. ఎందుకంటే ఈ ట్యూబు చరిత్ర ఇంతే. 1955లో అమెరికాలో లెక్కల యంత్రాలు చేసే బరోస్ కంపెనీ దీన్ని బజారులోకి తెచ్చింది. వోల్టుమీటర్లు, కౌంటర్లు, ఆఫీసు కాలిక్యులేటర్లలో అంకె చూపించడం దీని ఉద్యోగం. 1970ల్లో అయిదు వోల్టులతో వెలిగే ఎల్‌ఈడీలు రాగానే ఇంజనీర్లు హమ్మయ్య అనుకుని దీన్ని వదిలించుకున్నారు. సోవియట్ ఫ్యాక్టరీలు మాత్రం 1980ల దాకా చేస్తూనే ఉన్నాయి. వాళ్ల ఐఎన్-12 రకం ట్యూబులో 5 అంకె వేరే లేదు. 2నే తలకిందులుగా బిగించారు. విడిగా ఒక అచ్చెందుకు దండగ అనుకున్నారో ఏమో. మనవాడు దాన్ని చూపించి "ఆ వంపు గమనించండి" అంటాడు. గమనించాం నాయనా, అది రెండు.

ఈ యంత్రంలో నాకు నిజంగా నచ్చినది ఒకటుంది. 24 గంటల పద్ధతిలో పెడితే మొదటి ట్యూబులో 0, 1, 2లకే పని. మిగిలిన ఏడు అంకెలు జీవితాంతం ఖాళీ. పనిచేసే అంకెల నుంచి రాలిన లోహపు రజను ఆ ఖాళీ అంకెల మీద పేరుకుంటుంది. తర్వాత ఎప్పుడైనా వెలిగించబోతే సగం సగమే వెలుగుతాయి. అందుకని అర్ధరాత్రి ఏ మూడింటికో గడియారం తనంతట తానే అంకెలన్నిటినీ గిర్రున తిప్పి కసరత్తు చేయిస్తుంది. పని లేనివాళ్ల చేత పనున్నట్టు నటింపజేసే ఈ ఏర్పాటును చూసి, ప్రభుత్వాఫీసుల్లో పనిచేసినవాళ్లెవరూ ఆశ్చర్యపోరు.

ఇంతలో దీనికీ నకిలీ వచ్చింది. ఆరు గాజు గొట్టాలు, ఒక్కో గొట్టంలో చిన్న ఎల్‌సీడీ తెర, ఆ తెర మీద నిక్సీ అంకె ఫొటో. అసలు నిక్సీవాళ్లు వీళ్లను చూసి ముక్కు మీద వేలేసుకుంటారు. వేసుకునే ముందు తమ ట్యూబుల కింద పెట్టిన నీలం ఎల్‌ఈడీలను ఆర్పుకుంటే బాగుంటుంది.

కట్టడాన్ని నేనేమీ అనను. టంకం వాసన పడనివాడు ఇంజనీరే కాడు. నా తగవల్లా "పాత కాలాన్ని బతికిస్తున్నాం" అనే మాటతోనే. ఎవరి పాత కాలం? కృష్ణా జిల్లాలో ఏ తాత ఇంట్లో నిక్సీ ట్యూబు వెలిగింది? వెలిగితే ఏ లాబొరేటరీ మీటరులోనో వెలిగి ఉంటుంది. మన ఇళ్లలో వెలిగిన గాజు బుడ్డి వేరు. 1948 డిసెంబరు 1న విజయవాడ రేడియో స్టేషను మొదలైంది. ఆ తర్వాత ఈ చుట్టుపక్కల స్థితిమంతుల ఇళ్లలో వాల్వు రేడియోలు వెలిశాయి. స్విచ్చి వేసి, వాల్వులు వేడెక్కేదాకా ఆగాలి. కొన్నింటి ముందు భాగంలో ఆకుపచ్చగా వెలిగే కన్నొకటి ఉండేది. మీట తిప్పుతూ పోతే ఆ పచ్చదనం మధ్య నల్లటి సందు సన్నబడుతూ వస్తుంది. రెండంచులూ దాదాపు కలిశాయంటే స్టేషను చిక్కినట్టు. వెనక్కి పోతే మళ్లీ విచ్చుకుంటుంది. ప్రాంతీయ వార్తలకు వాచీలు సరిచేసుకున్న ఊళ్లు ఇవి. ఆ రేడియోలన్నీ ఏమయ్యాయి? ఉల్లిపాయలకో స్టీలు గిన్నెకో పాత సామాన్లవాడి బండెక్కాయి. ఎక్కించినవాళ్ల మనవలే ఇప్పుడు పరాయి దేశపు పార్సిలు విప్పి, ట్యూబు మీద ముద్రించిన నెలా సంవత్సరం చదివి పులకరిస్తున్నారు.

బందరు దాకా వెళ్లినా సరిపోయేది. 1926లో అక్కడ ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ శాస్త్ర పరికరాలు చేయడం మొదలుపెట్టింది. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఇప్పుడు అక్కడ చీకట్లో చూసే పరికరాలు చేస్తారు. గాజు పనిలో పాత జ్ఞాపకమే కావాలంటే ఒక్క బస్సు ప్రయాణం. కానీ బందరు పేరు ఇత్తడి రేకు మీద చెక్కితే ఎవరు లైకు కొడతారు?

పోనీ ఈ గడియారానికి మన ఊరి పని ఒక్కటైనా నేర్పారా? సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. ఆ గంటన్నరా గంటలకూ నిమిషాలకూ నడుమ ఉండే చుక్కలు కొట్టుకోకుండా ఆగేలా నాలుగు వరసల ప్రోగ్రాము రాస్తే కనీసం ఇంట్లో అమ్మమ్మకైనా పనికొచ్చేది. మన కుర్రాళ్లకు రాహుకాలం అక్కర్లేదు, క్షణంలో పదోవంతు కావాలి. పెళ్లికి ముహూర్తం దాటాక బయల్దేరే జనానికి క్షణంలో పదోవంతు!

కాబట్టి పాఠకులకు రెండు మనవులు. అటక మీద వాల్వు రేడియో ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి, వెనక అట్ట విప్పి లోపల ఏముందో పిల్లలకు చూపించండి. ఇక ఎవరైనా నిక్సీ గడియారం ముందు కూర్చోబెట్టి ఎలా ఉందని అడిగితే, వెలుగు బాగుందని తొందరపడి అనకండి. 12 వోల్టులు 170 ఎలా అయ్యాయో చెప్పమనండి. చెప్పినవాడికి కాఫీ ఇప్పించండి, వాడు పనివాడు. ఆత్మ సంగతి ఎత్తితే మాత్రం టైమైందని లేచి వచ్చేయండి.