టిఫిను హోటలు తేటగీతి: టీకా తాత్పర్య సహితం

అవతారిక. బెజవాడలో ఒకానొక టిఫిను హోటలు యజమాని సోమవారం ఉదయం ఎనిమిదింబావు వేళ, గల్లాపెట్టె మీద మోచేయి ఆనించి చదివిన పద్యమిది. కవి పేరు తెలియదు. తేటగీతి దాటి పెద్ద వృత్తానికి పోవడానికి ఆయనకు తీరికెక్కడిది?

పప్పు నిండుకొన్నది గ్యాసు పలుకకుండె
మాస్ట రూరికి పోయెను మాటలేక
టేబు లెల్లను నిండెను టిఫిను కొరకు
ఐదు నిమిషాలు కూర్చోండి యయ్యగారు

టీక. పప్పు = ఏ పప్పో చెప్పలేదు; వ్యాఖ్యాతలు ఇక్కడే కొట్టుకుంటారు. కందిపప్పయితే దెబ్బ నేటి సాంబారుకు. రెండు చెంబుల నీళ్లతో కథ నడిచిపోతుంది. మినప్పప్పయితే దెబ్బ రేపటి ఇడ్లీకి. మధ్యాహ్నం నానబోసి, సాయంత్రం రుబ్బి, రాత్రంతా పులియనిస్తేగాని తెల్లవారి ఇడ్లీ లేదు. చలికాలం పిండి పొంగదు, ఎండాకాలం తొమ్మిదింటికే పుల్లబడుతుంది. వాన పడితే గిన్నెలకు గిన్నెలు మిగిలి సాయంత్రం పునుగులవుతుంది. పెళ్లివారి బస్సు ఆగిందా, ఏడున్నరకే అడుగంటుతుంది. రేపెవరికి ఎంత ఆకలేస్తుందో ఇవాళ మధ్యాహ్నమే కొలిచి నానబోయవలసినవాడు హోటలువాడు. కనుక మినప్పప్పే కవిహృదయం.

నిండుకొన్నది = అయిపోయినది. సరుకు అయిపోయిందనడం అమంగళం గనుక ఇలా అన్నాడు. మూడో పాదంలో మళ్లీ ‘నిండెను’ అన్నాడు చూడండి, అక్కడ నిజంగానే నిండాయి. పద్యానికి ప్రాణమిదే. తక్కిన రోజుల్లో డబ్బాలు నిండి ఉంటాయి, టేబుళ్లు నిండుకుంటాయి.

గ్యాసు పలుకకుండె = 19 కిలోల బండ మూగబోయినది. భట్టీ పొయ్యి పలకడమంటే బుస్సుమనడం. ఇంట్లో 14.2 కిలోల ఎర్రబండ ఉన్నది గదా అని కొందరి శంక. అది ఇంటి వంటకిచ్చినది, హోటల్లో వెలిగిస్తే నేరం. కవి ఆ ఊసెత్తకపోవడం ఔచిత్యం. (వెలిగించలేదని మేము ప్రమాణం చేయము.)

మాస్టరు = దోసె మాస్టరు. టీ మాస్టరనే పక్షం నిలవదు. టీ మాస్టరు పోతే పద్యం పుట్టదు, పక్క కొట్టునుంచి ఫ్లాస్కు వస్తుంది. మాటలేక = చెప్పకుండా. ‘అడ్వాన్సు పుచ్చుకొని’ అన్నది అధ్యాహారం. ఫోను స్విచ్చాఫ్. పూరీ మాస్టరు దోసె పెనం ముట్టడు, ఎవరి పొయ్యి వారిది. కొత్త బండ రాగానే యజమానే లుంగీ ఎగగట్టి నిలుచోవాలి. పెనం మీద నీళ్లు చిలకరించి, చీపురుతో తుడిచి, సగం ఉల్లిపాయ రుద్ది, గరిటెడు పిండి తిప్పితే మొదటి దోసె అంటుకుంటుంది, రెండోది చిరుగుతుంది, మూడోది రవ్వట్టు అడిగినాయన ముందుకు వెళుతుంది.

టేబులెల్లను = టేబుళ్లన్నియు. రద్దీలో బహువచనం జారిపోయింది.

ఐదు నిమిషాలు = ఇది కాలవాచకం కాదు, అభయముద్ర. మంచినీళ్ల గ్లాసు ముందు పెట్టి పలికితేనే ఫలిస్తుంది. గ్లాసు పెట్టించుకున్నవాడు లేవడానికి మొహమాటపడతాడు. అసత్యదోషమని ఆక్షేపించేవారున్నారు. అసత్యం చెప్పాలంటే ముందు సత్యం తెలియాలి గదా! మోపెడు మీద బండ రావచ్చు, రాకపోవచ్చు. పార్సిళ్లకు వచ్చిన డెలివరీ కుర్రాడు కేకలు మొదలుపెట్టవచ్చు. మాస్టరు బస్సు దిగి వస్తూ ఉండవచ్చు. ఈ చివరిది అద్భుతరసం.

యయ్యగారు = ‘కూర్చోండయ్యా’ అని కలిపేస్తే విసుగు ధ్వనిస్తుంది. అందుకే సంధి చేయక, యకారాన్ని అడ్డుపెట్టి, ‘గారు’ తగిలించాడు. ఆకలిగొన్నవాడితో ఎడం పాటించడం మంచిదని మా గురువుగారి మతం.

తాత్పర్యం. ఈనాడు విశేషమేమీ లేదు.

పాఠాంతరం. ఎదుటి వరుసలోని హోటలులో నాలుగో పాదం ‘పది నిమిషాలు’ అని వినబడుతున్నది. అది అగ్రాహ్యం. గణం చెడుతుంది, యతి పోతుంది, గిరాకీ కూడా పోతుంది.