చెంబు చదువుకు లక్షలు, చెంబుకు బేరాలు

ఇంటర్ ఫలితాలు వచ్చినాయంటే మా కడప జిల్లా మైదుకూరు టీ అంగళ్ళలో పసుపు ధర పక్కకు పోయి ఫీజుల మాట మొదలవుతుంది. ఇంజనీరింగు గురించైతే అందరూ నిపుణులే. ఈ మధ్య ‘బీ.డెస్.’ అనే డిజైన్ డిగ్రీ ఒకటి వచ్చి అందరి నోళ్ళూ మూయించింది. “డిజైనంటే ఏంది సామీ, ఫ్లెక్సీలు కొట్టేదా?” అని ఒక పసుపు రైతు అడిగినాడు. అడగడా మరి! మా ఊళ్ళో డిజైనరంటే ఫ్లెక్సీ అంగట్లో కోరల్‌డ్రా ముందర కూర్చున్న పిల్లోడే. నాయకుడి పుట్టినరోజుకు ఒక్క బ్యానర్లో ముప్పై తలకాయలు, ఏ తలకాయకూ అలక రాకుండా సర్దగలడు. ఆ విద్య ఏ సిలబస్‌లోనూ లేదు.

రైతు చేతిలో బ్రోచర్లున్నాయి. నిఫ్ట్, ఎన్‌ఐడీ అనే డిజైన్ సంస్థలు సర్కారువే కదా, చవగ్గా ఉంటాయనుకున్నాడు పాపం. నాలుగేళ్ళకు అక్కడా లక్షల్లోనే. బెంగళూరు ప్రైవేటు కాలేజీల సంగతి చెప్పనక్కర్లేదు. హాస్టలు, ల్యాప్‌టాప్, మెటీరియల్ ఖర్చులు వేరే. జీతాల పేజీలో మాత్రం ‘అత్యధిక ప్యాకేజీ’ ఒక్కటే పెద్దక్షరాల్లో ఉంది. మార్కెట్ యార్డులో ఎవరిదో ఒక లాటుకు పలికిన గరిష్ఠ ధర చూసి అప్పు చేసే రైతు ఉంటాడా? మిగతా సరుకు ఎంతకు పోయిందని అడుగుతాడు. కాలేజీ గేటు దగ్గర మాత్రం ఆ తెలివి ఎక్కడికి పోతుందో!

మన దేశంలో ఈ చదువు పుట్టుక ఇంకా తమాషా. ఛార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికా డిజైనర్ దంపతులు 1958లో మన ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చినారు. అందులో వాళ్ళు నెత్తిన పెట్టుకున్నది మన చెంబును. ఎన్ని నీళ్ళు పడతాయి, చంకలో ఎట్లా కుదురుతుంది, నిండినప్పుడు బరువు ఎటు తూగుతుంది అని వివరంగా రాసి, దీన్ని ఏ ఒక్కడూ తయారుచేసి ఉండడు, తరాలు చేసిందన్నారు. ఆ నివేదిక పుణ్యమా అని 1961లో అహ్మదాబాద్‌లో ఎన్‌ఐడీ వెలిసింది. 2015లో దాని తమ్ముడులాంటిదొకటి గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయం ఆవరణలో మొదలైంది.

అట్లాంటి చెంబులు, ఇత్తడి సామాను చేసే వనిపెంట మా మండలంలోనే ఉంది. డిజైన్ కోర్సుల్లో ‘క్రాఫ్ట్ డాక్యుమెంటేషన్’ అని ఒక పాఠముంటుంది. పిల్లలు ఇట్లాంటి పల్లెలకు పోయి, పనివాళ్ళ పక్కన కూర్చుని, ఫొటోలు తీసి, పుస్తకం రాస్తారు. మార్కులు పిల్లలకు, ఫీజు కాలేజీకి. పాఠం చెప్పిన గురువు టీ ఖర్చు కూడా తానే పెట్టుకుంటాడు. సాయంత్రం ఆయన చెంబు దగ్గర మనం పది రూపాయలకు బేరమాడతాం.

దూరమెందుకు, కడపలోనే 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం పెట్టినారు కదా అంటారు. పెట్టినారు. ఆర్కిటెక్చర్ కోర్సుకు గుర్తింపు కోసం అక్కడ చేరిన పిల్లలే ధర్నాలు చేయాల్సి వచ్చింది.

చేతిలో పనున్న పిల్లకు మంచి డిజైన్ కాలేజీ రెక్కలిస్తుంది, అది అబద్ధం కాదు. కాకపోతే డబ్బు కట్టేముందు అక్కడ చదివి బయటికొచ్చిన నలుగురికి ఫోన్ చేసి, మొదటి నెల జీతమెంతో అడగండి. అంతవరకు కాలువ కింద చేను బేరం పెట్టొద్దు.