బీరువా దాటిన లాంగ్ మెమో

నన్ను లాంగ్ మెమో అంటారు. పదో తరగతి పాసైన పిల్లలు ముందు నెట్ సెంటర్లో తీయించుకున్న చిన్న మెమోతో ఇంటర్‌లో చేరిపోతారు. నేను ఆ తర్వాత తీరిగ్గా హైదరాబాదులోని ప్రభుత్వ పరీక్షల కార్యాలయం నుంచి కట్టలో బయల్దేరి బడికి చేరతాను. నాది 2018 మార్చి బ్యాచ్. అప్పట్లో మార్కులు వేసేవారు కాదు, గ్రేడ్లే. నా మీద 9.3 అని ఉంటుంది. సూర్యాపేట జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో, రిజిస్టరులో సంతకం పెట్టించుకుని హెడ్మాస్టరు నన్ను అమ్మాయి చేతికిచ్చారు. ఆమె బడి గేటు దాటకముందే నన్ను మొత్తం చదివింది.

చదవడానికి ఎక్కువేమీ ఉండదు. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, బడి పేరు. పుట్టిన తేదీ ఒకసారి అంకెల్లో, ఒకసారి అక్షరాల్లో. ఇంకా రెండు పుట్టుమచ్చలు: కుడి మోచేతి మీద ఒకటి, మెడకు ఎడమ పక్కన ఒకటి. ఆ అమ్మాయి ఫలానా అని, ఫలానా రోజున పుట్టిందని, ఆమె ఒంటిమీద ఈ గుర్తులున్నాయని ప్రభుత్వం తరఫున చెప్పే కాగితాన్ని నేను. నా పని అంతే. ఆ పని ఎంత పెద్దదో నాకు బీరువాలో ఉన్నప్పుడు తెలియలేదు.

ఇంట్లో బీరువా ఒక్కటే. లోపలి లాకరు అరలో నాతోపాటు పట్టాదారు పాసుపుస్తకం, బంగారం కుదువపెట్టిన రసీదులు, ఎల్ఐసీ బాండు ఉండేవి. నాకు సరిగ్గా కింద మడతపెట్టిన ఒక ప్రామిసరీ నోటు. బోర్లు వరసగా ఫెయిలై, పత్తి ఎండిపోయిన ఏడాది వాళ్ల నాయిన తన సొంత అక్క దగ్గర రెండు లక్షలు తెచ్చుకున్నాడు. రెవెన్యూ స్టాంపు మీద ఆయన సంతకం వంకరగా సాగి అంచు దాటి పోయి ఉంటుంది. ఆ నోటుకూ నాకూ మధ్య పల్చటి ప్లాస్టిక్ కవరు తప్ప ఏమీ లేదు. ఆ ఇంట్లో జరిగింది అర్థం కావాలంటే ఆ అర చూస్తే చాలు.

అక్క ఎప్పుడూ డబ్బు అడగలేదు. అడిగింది పిల్లని. "నా కొడుక్కు ఏం తక్కువ? కట్నం కూడా వద్దంటున్నం గద" అనేది. మేనత్త కొడుకు, చిన్నప్పటినుంచి బావా అని పిలిచిన పిల్లాడే. చెడ్డవాడు కాదు. ఆ మాట మా అమ్మాయి కూడా అంది. కానీ చేసుకోనంది. మేనరికం ఎందుకు వద్దో నర్సింగ్ చదివిన పిల్లకి ఒకరు చెప్పక్కర్లేదు. ట్రైనింగులో పసిపిల్లల వార్డులో పనిచేసి వచ్చింది. అసలు కారణం దానికన్నా చిన్నది, దానికన్నా సూటిది. ఆమెకు అప్పుడే పెళ్లి వద్దు. మూడేళ్ల జీఎన్ఎం నర్సింగ్ కోర్సు అయిపోయింది, నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్ట్రేషన్ అయింది, ఉద్యోగం చెయ్యాలని ఉంది. అంతే.

వాళ్ల నాయిన కోపిష్టి కాదు. కొట్టలేదు, తిట్టలేదు. ఆయన చేసిందల్లా అన్నం మానేయడం. "లగ్గమైనంక మీ అత్త ఒప్పుకుంటే చేద్దువు నౌకరీ" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు. పెద్దనాయనలు వచ్చి కూర్చునేవారు, బాబాయిలు ఫోన్లు చేసేవారు. అందరూ ప్రేమగానే మాట్లాడేవారు. "నీ కోసమే గద బిడ్డా." పెళ్లికి ఒప్పించడానికి మన ఇళ్లలో వాడే బలం ఎక్కువగా ఇలాంటిదే. దాని మీద కేసు పెట్టడానికి ఏమీ కనిపించదు. తిండి మానేసిన తండ్రి, ఏడ్చే తల్లి, పక్కింటివాళ్ల చూపులు. ఆ పిల్ల రోజురోజుకూ మాట తగ్గించేసింది. ఒకరోజు ఆమె ఫోనూ, కాగితాలన్నీ తీసుకుని నాయిన బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఫోను పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. నేను లేకుండా ఆమెకు ఎక్కడా ఉద్యోగం రాదు. ఆయనకూ ఆ సంగతి తెలుసు.

2024లో మూఢం, దాని వెనకే ఆషాఢం వచ్చి ముహూర్తాలు లేకుండా పోయాయి. శ్రావణంలో లగ్గం పెట్టుకుందామన్నారు. ఆ వ్యవధే ఆమెను కాపాడింది.

బీరువా తాళంచెవి వాళ్ల అమ్మ కొంగుముడిలో ఉండేది. ఆషాఢంలో ఒక తెల్లవారుజామున అది దేవుడి గూట్లో ఉంది. అమ్మ కావాలనే పెట్టిందో, స్నానానికి వెళ్తూ మరిచిందో ఇంట్లో ఇప్పటికీ ఎవరూ అడగలేదు. ఆ తల్లి ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. పదిహేనేళ్లకు పెళ్లయింది. ఆమె ఆధార్ కార్డు మీద తేదీ లేదు, నెల లేదు, పుట్టిన సంవత్సరం ఒక్కటే. అందులోనూ ఆ సంవత్సరం ఎవరో అంచనా వేసి చెప్పింది.

అమ్మాయి లాకరు తెరిచి నన్ను, ఇంటర్ మెమోను, జీఎన్ఎం సర్టిఫికెట్‌ను, కౌన్సిల్ కాగితాన్ని, ఆధార్‌ను, తన ఫోనును తీసింది. నన్ను లేపితే ప్రామిసరీ నోటు బయటపడింది. దాన్ని చూసి, మడత సరిచేసి, మళ్లీ అక్కడే పెట్టింది. బంగారం ముట్టలేదు. నోటు పుస్తకంలోంచి చింపిన కాగితం మీద నాలుగు ముక్కలు రాసి అరలో ఉంచింది: నేను ఎవరితోనీ పోతలేను. పని చూసుకుంట. అత్త పైసలు నేనే కడత. నాయినను అన్నం తినమను.

అప్పు కడతానని రాయాల్సిన బాకీ ఆమెకు లేదు. కూతుర్ని అడ్డుపెట్టి తీర్చే అప్పు ఆమె చేయలేదు. అయినా రాసింది. వదిలేసి పోయే పిల్ల రాసే మాట కాదది, నేను చూశాను.

ఎక్స్‌ప్రెస్ బస్సులో కండక్టరు ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టిచ్చాడు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. ఆ పథకం గురించి ఎన్ని వాదనలైనా వినొచ్చు. చేతిలో కొద్దిపాటి డబ్బుతో, ఎవరినీ అడగకుండా, ఒక ఆడపిల్ల జిల్లా దాటగలగడం ఏమిటో నేను ఆ సంచిలో ఉండి తెలుసుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టల్లో గదికి నలుగురు. రిజిస్టరులో తండ్రి లేదా గార్డియన్ నంబరు రాయందే చేర్చుకోమన్నారు. రాస్తే సాయంత్రానికల్లా ఇంటికి ఫోను వెళ్తుంది. ఇరవై రెండేళ్ల మనిషికి, సొంతంగా ఇంజెక్షన్లు వేసి కట్లు కట్టే మనిషికి, తల దాచుకోవడానికి ఇంకొకరి నంబరు కావాలి. నర్సింగ్‌లో ఆమెకు సీనియరైన ఒక అక్క తన నంబరు ఇచ్చింది. ఇలాంటి అక్కలు లేకపోతే చాలామంది పిల్లలు ఆ రాత్రే తిరుగు బస్సు ఎక్కేస్తారు.

ఊళ్లో ఒకే ప్రశ్న నడిచింది: ఎవనితోని పోయింది? పెద్దనాయన అదే అడిగాడు, బస్టాండు దగ్గర టీ కొట్టువాడూ అదే. నాయిన స్టేషనుకు వెళ్లి కూతురు కనిపించడం లేదని ఫిర్యాదు ఇస్తే, అక్కడా మొదట అడిగింది ఎవరి మీద అనుమానం అని. అరలో దొరికిన ఉత్తరంలో ఎవరితోనీ పోతలేనని స్పష్టంగా ఉన్నా ఎవరూ నమ్మలేదు. ఆడపిల్ల తనంతట తాను, తన కోసమే గడప దాటుతుందని ఊహించడం మన ఊళ్లకు అంత కష్టం. ప్రేమ వ్యవహారమైతే ఎలా తిట్టాలో వాళ్లకు తెలుసు. వట్టిగా ఉద్యోగానికి పోయిన పిల్లను ఏమనాలో తెలియలేదు.

కాల్ రికార్డులు తీసే దాకా ఆగకుండా, స్టేషను నుంచి ఫోను వచ్చిన మర్నాడే ఆమె తనే స్టేషనుకు వెళ్లింది. నన్ను పట్టుకుని వెళ్లింది. ఎస్సై నన్ను కవరులోంచి తీసి వెలుతురుకేసి పట్టుకున్నాడు. పుట్టిన తేదీ అంకెల్లో చూసి, మళ్లీ అక్షరాల్లో చూశాడు. మోచేతి మీద మచ్చ చూపించమని అడగలేదు, ఆమే చెయ్యి ముందుకు చాపింది. వయసు మీద తగువు వచ్చినప్పుడు ఏ కాగితాన్ని ముందు చూడాలో 2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్లో రాసి ఉంది. బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం, లేదా నాలాంటి పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మునిసిపాలిటీ, పంచాయతీ పత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. మైనరా కాదా అన్న అనుమానం నాతో తీరిపోయింది. "మేజరు. ఆమె ఇష్టం" అన్నాడు ఎస్సై, ఆమె చెప్పింది రాసుకుని సంతకం తీసుకున్నాడు.

అప్పుడు నాయిన అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "సరే సార్, ఆమె యాడికన్న పోనియ్యుండ్రి. ఆ కాగితాలు మా బీరువలయి, మాకిప్పియ్యుండ్రి." ఎస్సై ఆయన్నొకసారి చూసి, నన్ను మళ్లీ కవరులో పెట్టి ఆమె చేతికే ఇచ్చాడు. బయట ఒక మహిళా కానిస్టేబుల్ 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు చెప్పి, ఇంట్లోవాళ్లు మళ్లీ ఒత్తిడి చేస్తే సఖి సెంటరుకు వెళ్లమంది, అక్కడ తాత్కాలికంగా ఉండనిస్తారని, లాయరు సాయం కూడా దొరుకుతుందని.

నేను అచ్చయిన ఏడాదే, 2018 జనవరిలో, పద్దెనిమిది నిండిన ఒక కూతురి విషయంలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ అమ్మాయి కువైట్‌లో తండ్రి దగ్గర ఉండి చదువుకుంటానంది. తల్లి తన దగ్గరే ఉంచమని కోర్టుకెక్కింది. మేజరైన కూతురు ఎక్కడుండాలో ఆమే తేల్చుకుంటుందని, తల్లి బాధ చూసి కోర్టు గార్డియన్ పాత్ర తీసుకోలేదని చెప్పింది. ఆ మార్చిలోనే, ఇద్దరు మేజర్లు పెళ్లి చేసుకోవడానికి కుటుంబం సమ్మతి గానీ కులపెద్దల సమ్మతి గానీ అక్కర్లేదని మరో తీర్పు వచ్చింది. చేసుకోవడానికి అక్కర్లేని సమ్మతి, చేసుకోకుండా ఉండడానికి ఎందుకు?

ఈ పద్దెనిమిది కూడా ఊరికే రాలేదు. 1929 శారదా చట్టం ఆడపిల్లకు పద్నాలుగే పెట్టింది. పద్దెనిమిది కావడానికి 1978 దాకా పట్టింది. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. వయసొచ్చాక ఆ కాపురానికి వెళ్లనని చెప్పింది, ఇంట్లో వాళ్లు ఆమె పక్షాన నిలబడ్డారు. ఆ తర్వాత బెనారస్ మెట్రిక్యులేషన్ ప్రైవేటుగా కట్టి పాసైంది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టి, చదువు ఆగిపోయిన ఆడపిల్లలను అదే పరీక్షకు తయారు చేసింది. ఆవిడ మెట్రిక్యులేషన్ కాగితం నాకు ముత్తవ్వ అవుతుంది. గడప దాటిన ఆడదానికి ముందు కావాల్సింది పరీక్ష పాసైన కాగితమని ఆవిడకు బాగా తెలుసు.

ఉద్యోగం దొరికిన ప్రైవేటు ఆసుపత్రిలో ఇంకో చిక్కు. ఏడాది బాండు రాసి, ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచాలన్నారు. అందరూ ఇస్తున్నారన్నారు. అమ్మాయి నన్ను బల్లమీద పెట్టి, మీద అరచెయ్యి ఆనించి, "చూసుకోండి సార్, జిరాక్సులు తీసుకోండి, అసలువి ఇవ్వను" అంది. ఉద్యోగం పోయింది. చెయ్యి తియ్యలేదు. మరో చోట, తక్కువ జీతానికి, జిరాక్సులతోనే చేర్చుకున్నారు. రాత్రి డ్యూటీలు ఎక్కువ. ఆమె వేసుకున్న తెల్ల కోటు జేబులో థర్మామీటరు, సిజర్, మడతపెట్టిన డ్యూటీ చార్టు. నేను హాస్టల్లో, ఆమె ట్రంకు పెట్టెలో అడుగున. ఈ పెట్టెకూ తాళం ఉంది, చెవి ఆమె దగ్గరే ఉంటుంది.

ఆ సెప్టెంబరులో వైద్యారోగ్య నియామక బోర్డు 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ప్రకటన ఇచ్చింది. నా మీది తేదీ చూసుకుంటూ ఆమె దరఖాస్తు నింపింది. అత్త ఖాతాలో నెలనెలా కొంత వేస్తోంది. అత్త మాట్లాడదు, డబ్బు మాత్రం తిప్పి పంపడం లేదు. నాయిన ఫోను ఎత్తడు. అన్నం మాత్రం తింటున్నాడని అమ్మ చెప్పింది. ఇది సుఖాంతమని నేను అనను. ఇంటికి వెళ్లలేని పిల్లకు పండగలు ఎలా గడుస్తాయో నాకు తెలుసు. దసరా రోజు డ్యూటీ అడిగి మరీ వేయించుకుంది.

చెల్లెలు 2025 మార్చిలో పది రాసింది. మంచి మార్కులు. ఆ ఏడాది గ్రేడ్లతోపాటు మార్కులూ మళ్లీ వేశారు. బడికి లాంగ్ మెమోలు వచ్చాయని తెలిసిన రోజు అక్క ఫోను చేసింది. "నాయినను పంపకు. నువ్వే పో. సంతకం నువ్వే పెట్టు. పేరు స్పెల్లింగు, తేదీ, పుట్టుమచ్చలు అక్కడ్నే నిలబడి చూస్కో, తప్పుంటే హెడ్మాస్టరుకు అప్పుడే చెప్పు. జిరాక్సులు తీసి ఒక సెట్టు నాకు పంపు." చెల్లెలు వెళ్లింది, సంతకం పెట్టింది. అసలుది ఎక్కడ పెట్టాలని అడిగితే, ఇంట్లోనే పెట్టుకో, కానీ నీ పెట్టెలో పెట్టుకో అంది అక్క. కొత్త తాళంకప్ప కోసం డబ్బులు ఆ సాయంత్రమే పంపింది.