‘గా టీమా?’ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “అరే, గా టీమా? మూడు మ్యాచ్‌లు ఓడిండ్రు. బేఫికర్ ఉండు భాయ్. హాఫ్ టైంలనే బిర్యానీ చెప్పు.”

అవతారిక: పాతబస్తీలో, నయాపూల్ దిగగానే ఉన్న ఒక ఇరానీ హోటల్లో, కాలేజీల ఫుట్‌బాల్ పోటీకి ముందు సాయంత్రం, సెంటర్ ఫార్వర్డ్ తన గోల్‌కీపర్‌కు చేసిన ఉపదేశమిది. చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్ విరిగి కప్పులో పడేలోగా ముగిసింది కనుక, సూత్రానికి ఉండవలసిన క్లుప్తత దీనికి ఉన్నట్టే.

ప్రతిపదార్థం: అరే = ఓయీ; గా టీమా = ఆ జట్టా (ప్రశ్న కాదు, జవాబు చెప్తే కోపం వస్తుంది); మూడు మ్యాచ్‌లు = గడచిన మూడు పోరులను; ఓడిండ్రు = పోగొట్టుకొనిరి; బేఫికర్ = చింతలేనివాడవై; ఉండు = ఉండుము; హాఫ్ టైంలనే = ఆట సగములోనే; బిర్యానీ చెప్పు = విజయభోజనమునకు ఆజ్ఞ ఇమ్ము. ‘భాయ్’ పాదపూరణం.

తాత్పర్యం: ఓడినవాడు ఓడుతూనే ఉండును.

ఆక్షేపం: ‘ఓడిండ్రు’ భూతకాల క్రియ. వక్త దాన్ని భవిష్యత్తుకు వాడాడు. ఏ వ్యాకరణమూ ఒప్పుకోదు. పైగా ఎవరి చేతిలో ఓడారు, ఎంత తేడాతో ఓడారు అన్నవి అధ్యాహారం. మూడింటా ఒక్కో గోలే తేడా అయితే? ఫుట్‌బాల్‌లో గోల్స్ పడేదే తక్కువ. తొంభై నిమిషాలూ బంతి మన దగ్గరే తిరిగినా, ఒక కార్నర్ కిక్, ఒక జారిన కాలు లెక్క తేల్చేస్తాయి. కబడ్డీలో బలహీనుడికి ఈ వెసులుబాటు అంతగా లేదు.

ప్రమాణం: 1962, జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా మనవాళ్లను 2-0తో ఓడించింది. ‘గా టీమా’ అనడానికి కొరియా దగ్గర అప్పుడు కావలసినంత సరుకుంది. మన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ బడిపంతులు. సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు తెచ్చిన మనిషి. తల పగిలి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఆయన కూర్చోబెట్టలేదు, ముందుకు తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో ఎదురైంది అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్. 2-1, స్వర్ణం మనది.

విశేషం: రహీం సాబ్ హైదరాబాద్‌లో వాటం లేని కాలితోనే బంతి తన్నాలన్న నియమంతో పోటీలు పెట్టేవాడు. తన బలహీనత మీద పనిచేసే ఆ అభ్యాసం మూడు మ్యాచ్‌లు ఓడిన జట్టుకు ఊరికే దొరుకుతుంది. గెలిచే జట్టు మాత్రం తన ఎడమకాలి సంగతి చూసుకోదు; నా మటుకు నాకు, మన సెంటర్ ఫార్వర్డ్‌కు ఎడమకాలు ఉన్న గుర్తే లేదు.

ఉత్తర సూత్రం: మర్నాడు మ్యాచ్ ఒక్క గోల్ తేడాతో ఓడాక, అదే బల్ల దగ్గర అదే వక్త ఇలా సెలవిచ్చాడు: “రెఫరీ గుడ్డోడు భాయ్.” దీని టీక వేరే సంపుటంలో.